నరిటా నుంచి నగోయాకి: ఏ రైల్లో ఏ సీటు, సూట్‌కేసులు ఎక్కడ?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)
అందరికీ నమస్కారం. వచ్చే నెల నగోయాలో ఉద్యోగంలో చేరుతున్నాను. నా భార్య, అమ్మ, మూడేళ్ళ పాప కూడా వస్తున్నారు. టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయంలో దిగి రైళ్ళలోనే వెళ్ళాలి. 23 కిలోల సూట్‌కేసులు నాలుగు, పాపని తోసుకెళ్ళే బండి ఒకటి. రైలు లోపల వీటికి చోటుంటుందా? ఏ సీట్లు తీసుకోవాలి?

జవాబు (టోక్యో నుంచి)
నమస్కారమండీ. నరిటా నుంచి టోక్యోకి నరిటా ఎక్స్‌ప్రెస్, అక్కడినుంచి నగోయాకి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కాలి. ముందు సూట్‌కేసులకి టేపు పెట్టి కొలవండి. షింకాన్‌సెన్‌లో బరువు కన్నా పొడవు, వెడల్పు, మందం కలిపి ఎన్ని సెంటీమీటర్లన్నది ముఖ్యం. 160 లోపుంటే ఏ సీటైనా తీసుకోవచ్చు. 160 దాటి 250 లోపుంటే, టికెట్ కొనేటప్పుడే సామాను చోటుతో కలిపి ఇచ్చే సీటు తీసుకోవాలి. అది బోగీలో ఆఖరి వరస. సామాను దాని వెనక, గోడకి ఆనించి పెడతారు. దానికి అదనపు డబ్బు లేదు. చెప్పకుండా తెస్తే 1,000 యెన్లు కట్టాలి. 250 దాటిందాన్ని ఎక్కించనివ్వరు. పాప బండికి ఈ నియమం లేదు.

చాలా విమాన సంస్థల పరిమితి 158 సెంటీమీటర్లే కాబట్టి మీవి నియమం ప్రకారం సరిపోవచ్చు. కానీ నియమానికి సరిపోవడం వేరు, చోటు దొరకడం వేరు. 23 కిలోలు తలపై అరకి ఎత్తడం కష్టం. వరసకీ వరసకీ మధ్య 104 సెంటీమీటర్లే; అందులోనే మీ సీటు, మీ కాళ్ళు. 30 సెంటీమీటర్ల మందమున్న సూట్‌కేసు మోకాళ్ళ ముందు నిలబెడితే పక్కవాళ్ళు బయటికి రాలేరు. అందుకే కొలత 160 లోపున్నా ఆఖరి వరస సీట్లే అడగండి.

నరిటా ఎక్స్‌ప్రెస్‌లో ఈ బాధ లేదు. బోగీ చివర అంకెల తాళంతో సామాను అరలున్నాయి. తాళం అంకె మాత్రం ఫోన్లో రాసుకోండి. సీట్లన్నీ రిజర్వుడే. టోక్యో స్టేషన్లో ఈ రైలు భూమి కింద అయిదో అంతస్తులో ఆగుతుంది, అక్కడినుంచి షింకాన్‌సెన్‌కి చాలా నడక. టోక్యోలోనే ఉన్న ఇంకో స్టేషన్ షినగావాలో ఆగే రైలు చూసుకుని అక్కడ మారితే అమ్మగారికి నడక తగ్గుతుంది.

జవాబు (ఒసాకా నుంచి)
పైవారు చెప్పింది సరే, నా సలహా ఇంకొకటి: నాలుగింటిలో మూడు నరిటాలోనే తక్క్యూబిన్‌కి ఇచ్చేయండి. అంటే సామాను ఇంటికి చేర్చే సర్వీసు. కౌంటర్లు బయటికొచ్చే హాల్లోనే ఉంటాయి. నగోయాకి మామూలుగా మరునాటికి చేరుతుంది. మందులు, ఒక రోజు బట్టలు, పాస్‌పోర్టులు చేతిలోనే ఉంచుకోండి.

సీట్ల సంగతి. నొజొమి (షింకాన్‌సెన్‌లలో తక్కువ స్టేషన్లలో ఆగే వేగమైన రైలు) మామూలు బోగీలో ఒకవైపు ఏ, బీ, సీ. ఇంకోవైపు డీ, ఈ. ఫుజి పర్వతం డీ, ఈ సీట్ల వైపు కనిపిస్తుంది, టోక్యో వదిలాక సుమారు 45 నిమిషాలకి. ఆరేళ్ళు నిండని పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే టికెట్ అక్కర్లేదు, అప్పుడు ఏ, బీ, సీ ముగ్గురికి చాలు. మధ్య సీటు బీ మిగతావాటికన్నా 2 సెంటీమీటర్లు వెడల్పు. పాపని ఎత్తుకునేవాళ్ళు అందులో కూర్చుంటే మేలు. పాపకీ సీటు కావాలంటే పిల్లల చార్జీ కట్టి, డీ, ఈ రెండు వరసలు తీసుకోండి. వాలిన సీటు నిటారుగా చేసి, నడవా వైపు కింద ఉన్న పెడల్ కాలితో నొక్కితే సీటు మొత్తం తిరుగుతుంది, నలుగురూ ఎదురెదురుగా కూర్చోవచ్చు. దిగేముందు మళ్ళీ మామూలుగా తిప్పేయాలి. ఆఖరి వరసైతే వెనకున్న సామాను అడ్డమొస్తుంది, అక్కడ ఈ పని పెట్టుకోకండి.

నొజొమిలో రిజర్వేషన్ లేని బోగీలు 1, 2 మాత్రమే. కొత్త సంవత్సరం, మే మొదటి వారం సెలవులు, ఆగస్టులో పితృదేవతల పండుగ ఓబోన్ రోజుల్లో అవి కూడా ఉండవు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)
చాలా ధన్యవాదాలండీ. పాపకి పాలు పట్టాలన్నా, పడుకోబెట్టాలన్నా వేరే చోటుందా? దారిలో పులిహోర తినొచ్చా?

జవాబు (నగోయా నుంచి)
11వ బోగీలో చిన్న గది ఉంది. కండక్టర్‌ని అడిగితే తెరుస్తారు. చక్రాల కుర్చీవాళ్ళకి ముందు హక్కు. పెద్ద టాయిలెట్ కూడా ఆ బోగీలోనే. సీటు 11లోనో 12లోనో తీసుకోండి. పులిహోర నిశ్చింతగా తినండి, సీటు వెనక బల్ల ఉన్నదే అందుకు. బండిలో అమ్మకానికి ట్రాలీ రాదు, 2023లోనే ఆపేశారు. నీళ్ళు ప్లాట్‌ఫారం మీదే కొనుక్కోండి.

ఇక్కడికొచ్చాక రోజూ ఎక్కే రైళ్ళు వేరు. గోడ పొడుగునా బల్ల సీట్లున్న రైలు నిలబడేవాళ్ళ కోసం చేసింది, అందులో తినరు. నగోయాలోని హిగషియామా మెట్రో బోగీ పొడవు 15 మీటర్లే, వెడల్పూ తక్కువ. టోక్యోలోని యమనోతే లైను రైలు బోగీ అయితే 20 మీటర్లు. ఉదయం ఆఫీసు వేళ పాప బండి మడిచేయండి. గులాబీ గుర్తున్న బోగీ ఆడవాళ్ళది, వేళలు ప్లాట్‌ఫారం మీద రాసి ఉంటాయి. తలుపు తెరుచుకునేటప్పుడు పాప చెయ్యి దానిమీద ఉండకూడదు, తలుపు గోడలోకి జరుగుతూ వేళ్ళని లాగేస్తుంది.

నగోయా ప్రాంతపు ప్రైవేటు రైల్వే మెయితెత్సు ఎర్ర రైళ్ళలో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అన్నంత మాత్రాన ఎక్కువ కట్టనక్కర్లేదు. చాలావాటిలో రెండు బోగీలే ప్రత్యేకం, వాటికే మ్యూ టికెట్ అనే అదనపు టికెట్ కొనాలి. మిగతావాటికి మామూలు చార్జీ. విమానాశ్రయానికెళ్ళే మ్యూ స్కైలో మాత్రం అన్నీ ప్రత్యేక బోగీలే.

జవాబు (టోక్యో నుంచి)
ఒకటి మర్చిపోయాను. కొత్త ఎన్700ఎస్ రైళ్ళలో ప్రతి సీటుకీ ప్లగ్ ఉంది. పాత ఎన్700ఏలో కిటికీ పక్కన, మొదటి, చివరి వరసల్లోనే. ఇక్కడ 100 వోల్టులు, రెండు చదును పిన్నులు. మన గుండ్రటి మూడు పిన్నులు పట్టవు, అడాప్టర్ చేతి సంచిలోనే పెట్టుకోండి. ఎన్700ఎస్‌లో స్టేషన్ దగ్గరపడగానే పైన సామాను అర వెలుతురు పెరుగుతుంది. అది చూడగానే పైన పెట్టినవన్నీ దించుకోవడం మొదలుపెట్టండి, నగోయాలో రైలు కాసేపే ఆగుతుంది.