కాంటెస్సా కారు ముందు స్ప్రింగులు మార్చడం: చేసినవాళ్లు కాస్త చెప్పండన్నా

మాది కావలి. నాన్న వాడిన కాంటెస్సా క్లాసిక్ ఉంది, 1.8 ఇసుజు ఇంజన్ బండి. ముందు ఎడమవైపు బాగా దిగిపోయింది, చక్రం విప్పి చూస్తే కాయిల్ స్ప్రింగ్ కింది చుట్టు విరిగి, ఆ ముక్క తుప్పుపట్టి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టుకునే కింది చేయి) మీదే కూర్చుంది. ఒక్కటే మారిస్తే బండి ఒరుగుతుందని రెండువైపులా కొత్తవి తెప్పించా.

మా మెకానిక్‌కి అంబాసిడర్ అంటే కొట్టినపిండి, కానీ దానికి ముందు కాయిల్ స్ప్రింగ్ కాదు, టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ) కదా. "తాడు చుట్టి గడ్డపారతో లాగేద్దాం సార్" అంటున్నాడు. నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఎగిరిందంటే మనిషే మిగలడు, వద్దన్నాను.

నేననుకునేది, ఛాసిస్ కింద స్టాండ్లు, లోయర్ ఆర్మ్ కింద ట్రాలీ జాక్ పెట్టి, స్ప్రింగ్‌లోంచి ఛాసిస్‌కి గొలుసు కట్టి, షాక్ అబ్జార్బర్, స్టెబిలైజర్ లింక్ తీసేసి, లోయర్ బాల్ జాయింట్ (ఆ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు) వదిలించి జాక్‌ని మెల్లగా దించడం. ఇది చాలా, లేక లోపలినుంచి బిగించే స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కిపట్టే పనిముట్టు) తప్పదా? బయట కొక్కేలు తగిలించే రకం ఆ ఇరుకులో పడుతుందా?

విప్పడం కంటే ఎక్కించడమే టెన్షన్. కొత్త స్ప్రింగ్ పొడుగ్గా ఉంటుంది, జాక్ లేపితే అది నొక్కుకోకుండా బండే స్టాండ్ మీంచి లేస్తే? ఇంజన్ బరువు సరిపోతుందా?

ఒంగోలు, నెల్లూరు వైపు కంప్రెసర్ అద్దెకిచ్చేవాళ్లుగానీ, కాంటెస్సా మీద చెయ్యి తిరిగిన మేస్త్రీగానీ ఉంటే చెప్పండి, బండిని లారీ ఎక్కించైనా తీసుకొస్తా.