నేర్చుకుంటూనే నోట్స్ అందరికీ పెట్టొచ్చా?

పర్లాకిమిడి_పిల్ల:
ఇంట్లో తెలుగే, బడి అంతా ఒడియా మీడియం, అందుకే తెలుగు రాయడం నేను సొంతంగా నేర్చుకున్నదే. ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ తెలుగులో నోట్స్ రాసుకుంటున్నాను. గిట్‌హబ్‌లో (కోడ్, ఫైళ్లు పెట్టి పంచుకునే సైట్) పబ్లిక్‌గా పెట్టాలని ఉంది కానీ, పూర్తిగా రాకముందే ఏంటీ హడావిడి అని తెలిసినవాళ్లు నవ్వుతారేమో, అక్షరదోషాలు పట్టుకుంటారేమో అని టెన్షన్. కోర్సు అయ్యాక నీట్‌గా పెట్టనా?

సిరొంచ_గోదారి:
అయ్యాక పెట్టవు చెల్లె, రాసిపెట్టుకో. పైగా వచ్చేశాక ఎక్కడ ఇరుక్కున్నామో మనకే గుర్తుండదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కావాల్సింది అదే. పైథాన్‌లో 0.1 + 0.2 == 0.3 అని కొట్టు, ఫాల్స్, అంటే తప్పు అంటుంది. తెలిసినవాళ్లు దాన్ని ఒక్క లైనులో దాటేస్తారు. నువ్వు "దీనికి కూడిక కూడా రాదా" అని ఆరోజే రాసి, 0.1ని బైనరీలో (కంప్యూటర్ వాడే 0, 1 అంకెల్లో) కచ్చితంగా రాయడం కుదరదని తెలిశాక కిందే చేర్చు, పైది మాత్రం చెరపకు. రేపు కొట్టు లెక్కల ప్రోగ్రామ్ రాస్తూ ఎవరో ఇక్కడే తల పట్టుకుంటారు. రూపాయల్ని పైసలుగా మార్చి పూర్ణసంఖ్యల్లో దాచాలనో, దశాంశాల్ని కచ్చితంగా లెక్కపెట్టే డెసిమల్ మాడ్యూల్ వాడాలనో వాళ్లకి నీ దగ్గరే దొరుకుతుంది.

బరంపురం_మాస్టారు:
పెట్టమ్మా, కానీ అన్నీ పెట్టకు. ఏపీఐ కీ (వేరే సర్వీసుని మన ప్రోగ్రామ్ వాడుకోడానికి ఇచ్చే రహస్య కోడ్) ఉన్న ఫైల్ పొరపాటున పబ్లిక్ అయితే, తర్వాత డిలీట్ చేసినా గిట్ దాచుకునే పాత వెర్షన్లలో (కమిట్లలో) ఉండిపోతుంది, ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. డబ్బు కట్టిన కోర్సు స్లైడ్లు ఎత్తి పెట్టడం కూడా వద్దు. ఇంకోటి, లైకుల కోసం రాయడం మొదలైతే చదువు పక్కకి పోయి ఫొటో ఎడిటింగ్ మిగులుతుంది (మా కుర్రాళ్లని చూస్తూనే ఉన్నాను).

రాయగడ_రైలు:
నవ్వేవాళ్ల సంగతికొస్తే, గణితవేత్త తిమతీ గవర్స్‌కి 1998లోనే గణితంలో అతి పెద్ద బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. అంతటాయన 2009లో ఒక గణిత సమస్య మీద తన సగం సగం ఆలోచనల్ని బహిరంగంగా పెట్టి, మీరూ చెయ్యి వేయండి అన్నాడు, కొన్ని వారాల్లోనే కొత్త నిరూపణ తేలింది. మన పైథాన్ నోట్స్‌కి సిగ్గెందుకు? అక్షరదోషాలు మేం దిద్దుతాం, లింక్ పడెయ్.

పర్లాకిమిడి_పిల్ల:
సరే, ఆ ఫాల్స్ గొడవతోనే మొదలుపెడతా. లైసెన్స్ ఏది పెట్టాలి?

సిరొంచ_గోదారి:
నోట్స్‌కి క్రియేటివ్ కామన్స్ సంస్థ ఇచ్చే సీసీ బై-ఎస్ఏ 4.0 పెట్టు, నీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి పంచితే వాళ్లూ అదే లైసెన్స్ పెట్టాలి. కోడ్‌కి విడిగా ఎంఐటీ లైసెన్స్. సాఫ్ట్‌వేర్‌కి తమ లైసెన్సులు వద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు.