కాకినాడ వైపు నుంచి మా సంఘం వాళ్లు 38 మంది వస్తున్నారు, హైదరాబాద్‌లో ఏం చూపించాలి?

మారేడుపల్లి చెల్లి:
అందరికీ వందనాలు. వచ్చే నెల కాకినాడ దగ్గర మా ఊరి చర్చి సంఘం వాళ్లు 38 మంది వస్తున్నారు. గురువారం పొద్దున రైల్లో ఇక్కడ దిగుతారు, ఆదివారం ఆరాధన అయ్యాక రాత్రి బండికి వెళ్లిపోతారు. నేను పుట్టి పెరిగిన సంఘం అది. నాకు కంఠత వాక్యాలు నేర్పిన పెద్దమ్మలు, పాస్టర్ అయ్యగారు, అమ్మగారు, పదిమంది యౌవనస్థులు వస్తున్నారు. సగం మందికి పైగా అరవై దాటినవాళ్లే. నలుగురికి మోకాళ్ల నొప్పులు. చాలామంది హైదరాబాద్ చూడటం ఇదే మొదటిసారి, కొందరికి మళ్లీ రావడం కుదరకపోవచ్చు. అందుకే నాకు టెన్షన్‌గా ఉంది.

బస్సు మాట్లాడాను. అనుకున్నది ఇదీ: గురువారం రామోజీ ఫిల్మ్ సిటీ, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, చార్మినార్, శనివారం గోల్కొండ, టాంక్‌బండ్. మధ్యలో మన చర్చిలు ఒకటో రెండో. తప్పులుంటే దయచేసి చెప్పండి.

తిరుమలగిరి పెద్దాయన:
వందనాలమ్మా. ముందు శుక్రవారం సంగతి. ఆ రోజు సాలార్‌జంగ్ సెలవు, చౌమహల్లా కూడా సెలవే. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ దగ్గర రద్దీ ఎక్కువ. ఒకసారి నేను కూడా చూసుకోకుండా నలభై మందిని శుక్రవారమే తీసుకెళ్లాను. మూసిన గేటు ముందు ఎండలో నిలబడ్డ ఆ పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. గురువారం మ్యూజియం పెట్టుకో, శుక్రవారం మెదక్ చర్చికి వెళ్లండి.

ఫిల్మ్ సిటీ తీసేయమని నా మాట. విజయవాడ రోడ్డులో అంత దూరం వెళ్లి రావడానికి, లోపల తిరగడానికి రోజంతా పోతుంది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మోకాళ్లకు అది చాలా కష్టం.

మ్యూజియంలో అన్నీ చూపించాలని ఆరాటపడకు. తిన్నగా ముసుగు వేసుకున్న రెబెక్కా దగ్గరికి తీసుకెళ్లు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. నిజాం దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీద ముసుగు కూడా రాయే, కానీ పలచటి బట్టలోంచి కనపడినట్టు కళ్లు, ముక్కు కనిపిస్తాయి. బోర్డు మీద రెబెక్కా అని ఉంటుంది. మనవాళ్లకు ఆ పేరుతో తెలియదు. ఆమె మన రిబ్కా అని చెప్పు. ఆదికాండము 24లో ఇస్సాకును చూడగానే ఒంటె దిగి ముసుగు వేసుకున్న రిబ్కా. నేను ఆ మాట చెప్పినప్పుడు మా గుంపులో ఒక ముసలమ్మ, చదవడం రాని మనిషి, అబ్రాహాము దాసుడు బావి దగ్గర చేసిన ప్రార్థన నుంచి మొదలుపెట్టి ఆ అధ్యాయమంతా కథగా చెప్పేసింది. పక్కన ఉన్న ఇతర సందర్శకులు కూడా ఆగి విన్నారు.

పన్నెండు గంటలకు సంగీత గడియారం దగ్గర ఉండండి. చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. ముందు కుర్చీలు ఉంటాయి, పావుగంట ముందే వెళితే పెద్దవాళ్లకు దొరుకుతాయి. చార్మినార్ దాకా బస్సు వెళ్లదు. మదీనా చౌరస్తా దగ్గర నుంచి ఆటోలు పెట్టుకోండి. అమ్మగార్లకు లాడ్ బజార్‌లో గాజులకు గంట టైము ఇవ్వాల్సిందే.

మెదక్ తమ్ముడు:
పెద్దాయన మెదక్ అన్నారు కాబట్టి నేను ఆగలేకపోతున్నాను. మాది మెదక్ పక్క పల్లె. అక్కా, బాలానగర్, నర్సాపూర్ మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. మా తాతయ్య వాళ్ల నాన్న ఆ చర్చికి రాళ్లు మోశాడని ఇంట్లో చెబుతారు. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు ఊరికే గింజలు పంచకుండా పని చూపించి తిండి పెట్టారు, అలా లేచిన గుడి అది. పదేళ్లు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. గంట గోపురం 175 అడుగులు. లోపల ఐదువేల మంది కూర్చోవచ్చు.

వెలుతురు ఉండగా వెళ్లండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. రంగుల అద్దాల కిటికీలు మూడున్నాయి: బలిపీఠం వెనక యేసు ఆరోహణం, రెండు పక్కల జననం, సిలువ. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడివి. బయటి ఎండ వల్లనే ఆ బొమ్మలు కనపడతాయి, చీకటి పడితే నల్లటి గోడే. పదకొండింటికల్లా చేరుకుంటే మంచిది. అయ్యగారిని ఒక పాట ఎత్తుకోమనండి, అంత ఎత్తు కప్పు కింద నలభై గొంతులు ఎలా వినిపిస్తాయో చూడండి.

టోలిచౌకి బ్రదర్:
గోల్కొండ మాకు దగ్గరే, యూత్‌ని చాలాసార్లు తీసుకెళ్లాం. పైకి దాదాపు 360 మెట్లు, పెద్దవాళ్లను ఎక్కించొద్దు. వాళ్లను కింద కమాను దగ్గరే ఉంచండి. యౌవనస్థులు పైన బాలాహిస్సార్‌కు చేరాక కింద పెద్దమ్మలు చప్పట్లు కొట్టాలి. పైన వినపడుతుంది. వాళ్లు కూడా కోట చూసినట్టే ఉంటుంది. శనివారం పొద్దున్నే వెళ్లిపోండి, ఎండ ఎక్కితే రాళ్లు కాలుతాయి. తలా ఒక నీళ్ల సీసా ఉండాలి.

తిరుమలగిరి పెద్దాయన:
చర్చిల మాట మరిచాను. మీ మారేడుపల్లి పక్కనే సెయింట్ జాన్స్ ఉంది కదమ్మా, 1813 నాటిది, జంట నగరాల్లో అన్నిటికంటే పాతది. గురువారం మ్యూజియం నుంచి తిరిగొచ్చేటప్పుడు గన్‌ఫౌండ్రీలో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ దగ్గర ఆగండి. చనిపోయిన యేసును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ, మైకెలాంజిలో శిల్పానికి నకలు అక్కడ ఉంది. మన సంఘం కాదని కొందరు లోపలికి రామంటారు. బలవంతం చేయకు, నువ్వు ముందు వెళ్లు, తల్లులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మారేడుపల్లి చెల్లి:
పెద్దాయనా, తమ్ముడూ, బ్రదర్, చాలా కృతజ్ఞతలు. ఇన్నేళ్లు సెయింట్ జాన్స్ గోడ పక్కనుంచే ఆఫీసుకు వెళుతూ అది 1813 నాటిదని నాకు తెలియలేదు. ఫిల్మ్ సిటీ తీసేశాను. బస్సాయనకు శుక్రవారం మెదక్ అని ఫోన్ చేసి చెప్పాను, పొద్దున ఏడింటికి బయలుదేరుతాం. అమ్మకు రిబ్కా సంగతి చెబితే, అధ్యాయం ఇప్పటినుంచే చదువుకుంటారట అందరూ. తమ్ముడూ, నలభై మందికి పప్పు, అన్నం, పెరుగు దొరికే చోటు మెదక్‌లో చర్చికి దగ్గరలో ఏదైనా ఉందా? లేకపోతే ఇక్కడి నుంచే పులిహోర కలుపుకుని వస్తాం.

మెదక్ తమ్ముడు:
పులిహోర తెచ్చుకోండి అక్కా, ఆవరణలో చెట్ల కింద కూర్చుని తినొచ్చు. పెరుగు మా ఇంటి నుంచి నేను తెస్తాను. ఏ శుక్రవారమో ఒక్క మాట ముందు చెప్పండి.