మున్నార్ కొండ మీద మన చేలగట్టు పిట్టా?

కొబ్బరాకు:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లె. దసరా సెలవులకి మున్నార్ వెళ్లాం. అక్కడి ఎరవికులం నేషనల్ పార్కులో అందరూ కొండమేకల వెనకాల ఫోన్లు పట్టుకుని పరిగెడుతుంటే నేను రోడ్డు పక్క గడ్డిలో ఒక పిట్టని చూసి ఆగిపోయాను. పిచ్చుక కన్నా కాస్త పొడుగు, గోధుమరంగు ఒళ్లు, వీపు మీద నల్ల చారలు. నాలుగడుగులు పరిగెత్తడం, ఆగడం, తోక ఆడించడం. దాళ్వా వరి కోశాక మా మోళ్లలో తిరిగే పిట్ట అచ్చం ఇలాగే ఉంటుంది! సముద్రం పక్కన బతికేది 2,000 మీటర్ల ఎత్తులో ఏం చేస్తోందండి? దగ్గరికెళ్తే లేచి పొద మీద వాలింది. ఫొటో తీసేలోపు మంచు కమ్మేసింది.

బోదెగట్టు:
ఆ పొద మీద వాలడమే గుర్తండి. మీరు చూసింది నీలగిరి పిపిట్. మన చేలల్లోది ప్యాడీఫీల్డ్ పిపిట్. అన్నదమ్ముల పిల్లల్లాంటివి. మనదాన్ని లేపితే ఎక్కువగా మళ్లీ నేలకే దిగుతుంది. కొండది పొదో, చిన్న చెట్టో చూసుకుంటుంది. మనదానికి చారలు రొమ్ము దగ్గరే ఆగిపోతాయి, దానికి పొట్ట పక్కల దాకా ఉంటాయి. రంగు కూడా ముదురు.

కొబ్బరాకు:
మరి చలికి కిందికి దిగదాండి?

లంకవాసి:
దిగదండి. ఏడాది పొడుగునా పైనే, గూడు కూడా గడ్డిలో నేల మీదే. ప్రపంచం మొత్తమ్మీద పశ్చిమ కనుమల దక్షిణాన నీలగిరి, పళని, ఆనైమలై లాంటి కొండల నెత్తిన గడ్డి నేలల్లోనే ఉంటుంది. మన లంకల్లాగే అనుకోండి, చుట్టూ నీళ్లకి బదులు అడవి, తోటలు. నీలగిరికీ ఆనైమలైకీ మధ్య పాలక్కాడ్ దగ్గర దాదాపు 30 కిలోమీటర్ల పల్లం. దాటించే పడవ లేదు. గోదారి లంకని కోసేసినట్టు ఆ గడ్డిని తేయాకు, యూకలిప్టస్, వాటిల్ తినేశాయి. వాటిల్ అంటే ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన తుమ్మ జాతి చెట్టు. దాని బెరడు మన తంగేడు బెరడులా తోళ్లు పదును చేయడానికి పనికొస్తుంది. ఇప్పుడు ఎవరూ నాటకపోయినా దానంతటదే పాకుతోంది. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ బాధనిపించదు. పిట్టకి మాత్రం నడవడానికి గడ్డి మిగలదు.

కొబ్బరాకు:
ఓర్నాయనో! దారిలో యూకలిప్టస్ చెట్ల కింద ఫొటోలు దిగి, "ఎంత పచ్చగా ఉందో" అని స్టేటస్ కూడా పెట్టానండి. ఇవాళ పొద్దున్నే మా బోదె గట్టు మీద మన పిట్టని చూశా. పక్కలు లేతగా ఉన్నాయి, చారల్లేవు. మా కుక్క తరిమితే లేచి, పది గజాల అవతల నేల మీదే వాలింది.