రాక్ బ్యాండ్ డ్రమ్స్ ఎర్ర ప్యాడ్ పలకడం లేదు: విప్పాలా, వేరేది కొనాలా?

ప్లానో_శీను: ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ నాటి రాక్ బ్యాండ్ 2 (పాటకి తగ్గట్టు వాయించే వీడియో గేమ్) డ్రమ్ కిట్ ఇది. ఎర్ర ప్యాడ్ బలంగా బాదితేనే పలుకుతోంది. పసుపు కొడితే నీలం కూడా పడుతోంది. ఇంట్లో బాగుచేసుకోవచ్చా? పిల్లలకి సెలవులు, ఒకటే గోల.

సోల్డర్_మావయ్య: విప్పండి, భయం లేదు. ప్యాడ్ కింద ఇత్తడి బిళ్ల ఉంటుంది, పియెజో. దెబ్బ పడగానే దాన్నుంచి కాస్త వోల్టేజ్ పుడుతుంది, బోర్డు పట్టుకునేది దాన్నే. ఎర్రది స్నేర్, అంటే ఎక్కువగా వాయించే డ్రమ్, కాబట్టి దెబ్బలన్నీ దానికే. చాలాసార్లు బిళ్లకున్న వైరు ఊడిపోయి ఉంటుంది. ఎర్ర ప్యాడ్ వైర్లని ఆకుపచ్చ దాని చోట కలిపి చూడండి. అక్కడ బాగా పలికితే లోపం బోర్డులో, లేకపోతే బిళ్లలో. మార్చాల్సి వస్తే 27 మిల్లీమీటర్ల బిళ్ల చాలు. మధ్యలో తెల్లటి భాగం మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించకండి, పూత లేచిపోతుంది. ఆపైన హాట్ గ్లూతో అతికించేయండి.

ఫ్రిస్కో_రాజు: హాట్ గ్లూ మాత్రం వద్దు.

సోల్డర్_మావయ్య: ఎందుకు వద్దు?

ఫ్రిస్కో_రాజు: వేడికి మెత్తబడుతుంది. ఆగస్టులో టెక్సాస్ గ్యారేజీలో ఉంచి చూడండి. ఫోమ్ డబుల్ టేప్ వాడాలి.

సోల్డర్_మావయ్య: డ్రమ్స్ గ్యారేజీలో ఎవరు పెడతారండీ? టేప్ మందంగా ఉంటే చిన్న దెబ్బలు అందనే అందవు.

కాఫీ_బ్రేక్: ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొనేయండి బ్రో, పిల్లలు నిజంగా నేర్చుకుంటారు.

సోల్డర్_మావయ్య: అవి 360కి నేరుగా కలవవు, వాటి సిగ్నల్‌ని గేమ్‌కి అందించే మిడి అడాప్టర్ కావాలి. పీసీలో క్లోన్ హీరో అనే ఇలాంటి గేమ్ ఆడితే వేరే సంగతి.

ఫ్రిస్కో_రాజు: గ్లూ దగ్గరే ఉందాం. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ఇదే కిట్ 140 డాలర్లు పోసి కొన్నాను. ‘చెక్ చేశాం, బ్రహ్మాండంగా ఉంది’ అని రాశాడు. నెల తిరక్కుండా ఎర్రది చచ్చింది. విప్పి చూస్తే గ్లూ ముద్ద!

సోల్డర్_మావయ్య: చేతకానివాడు అతికిస్తే గ్లూ ఏం చేస్తుంది?

ప్లానో_శీను: విప్పాను. నల్ల వైరు ఊడి ఉంది. మరి పసుపు, నీలం సంగతి?

ఫ్రిస్కో_రాజు: మీరూ బాగుచేసి అమ్ముతారుగా మావయ్యగారూ. ఏ బిళ్ల మార్చారో ప్రకటనలో రాస్తారా?

సోల్డర్_మావయ్య: పనిచేసే సామానే అమ్ముతున్నాను. కారు అమ్మేటప్పుడు మార్చిన బల్బులన్నీ లెక్క చెబుతారా? రాస్తే సగం ధరకి అడుగుతారు.

ఫ్రిస్కో_రాజు: ఆఁ, ఇప్పుడు వచ్చారు దారికి! గ్లూ వేసుకోండి, బంక వేసుకోండి, కొనేవాడికి చెప్పి అమ్మండి.

సోల్డర్_మావయ్య: 360 కిట్లు కొత్తవి రావడం లేదు. నాలాంటివాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని అతుకులు వేయకపోతే అన్నీ చెత్తలోకే. ఆ శ్రమకి విలువ లేదా?

కాఫీ_బ్రేక్: ‘రిపేర్ చేసినది’ అని ఒక ముక్క రాస్తే ఏం పోతుంది?

సోల్డర్_మావయ్య: ధర పోతుంది.

ఫ్రిస్కో_రాజు: నావి 140 పోయాయి. వాటి సంగతి ఎవరు చూస్తారు?