విదేశాల్లో చదివి యానిమేషన్ టీచర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నక్కలగుట్ట_గీతలు:

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. కాకతీయ యూనివర్సిటీలో బీకాం చేశాను, 64 శాతం వచ్చింది. తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ సంస్థలో యానిమేషన్ డిప్లొమా చేసి, మాదాపూర్‌లో ఒక స్టూడియోలో పిల్లల సీరియల్ మీద పనిచేశాను. అమ్మకు ఒంట్లో బాగుండక ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక మల్టీమీడియా ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతున్నాను. వయసు 27.

నా దగ్గరికి పరకాల, నర్సంపేట, జమ్మికుంట నుంచి పిల్లలు పొద్దున్నే బస్సెక్కి వస్తారు. మంచి చేయి ఉన్నవాళ్లు. మొన్న ఒకబ్బాయి తన ఊళ్లో ఒగ్గు కథ చెప్పే ఆయన నడకను యానిమేట్ చేసి తెచ్చాడు. డోలు బరువుకు భుజం ఒక పక్కకు వంగడం, నడుము ఊగడం ఎంత బాగా పట్టుకున్నాడో! కాకపోతే కాలు నేల మీద ఆనడం లేదు, జారుతున్నట్టుంది. ఇలాంటివి నేర్పడానికి మా సిలబస్‌లో చోటే లేదు. మూడు నెలలు మాయా సాఫ్ట్‌వేర్, రెండు నెలలు ఎడిటింగ్, ఏ బటన్ నొక్కితే ఏమొస్తుందో చెప్పి పంపేయాలి. కదలికను ఎలా నేర్పాలో నాకూ ఎవరూ నేర్పలేదు. అది పద్ధతిగా నేర్చుకుని వచ్చి, ఈ పిల్లలకే చెప్పాలని ఉంది.

ఇక్కడ ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, "ఏ డిప్లొమా అయినా ఒకటే మేడం, ముందు వీసా రానివ్వండి, కెనడాకు పెట్టేద్దాం" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. నాన్నకు చౌరస్తాలో చిన్న ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. మేం బీసీలం. ఏ దేశం, ఏ కోర్సు, డబ్బు ఎట్లా? తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

లైట్‌బాక్స్_కరీంనగర్:

చెల్లె, నేను ఇంగ్లండ్‌లో యానిమేషన్ ఎంఏ చేసి వచ్చి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కాలేజీలో చెబుతున్నాను.

"యానిమేషన్ టీచర్" అనే పేరుతో కోర్సు వెతక్కు. మంచి యూనివర్సిటీలు యానిమేషన్‌లో మాస్టర్స్ ఇస్తాయి. పాఠం చెప్పడం మాత్రం, చెప్పేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. అందుకే ముందు నువ్వు ఎక్కడ చెప్పాలనుకుంటున్నావో తేల్చుకో. ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌కైతే షోరీల్ (నీ మంచి పనులు చూపే చిన్న వీడియో), స్టూడియో అనుభవం చాలు, అవి నీకున్నాయి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే యూజీసీ నియమాల ప్రకారం 55 శాతంతో మాస్టర్స్, ఆపైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంది. మన సబ్జెక్టుకు నెట్‌లో దగ్గరి పేపర్ విజువల్ ఆర్ట్స్. అంటే ఆ కన్సల్టెన్సీ అంటగట్టే డిప్లొమాతో నువ్వు అనుకున్న చోటికి చేరలేవు. పైగా కెనడాలో 2024 నవంబర్ నుంచి, డిగ్రీ కాని కాలేజీ కోర్సు చదివితే, ఆ సబ్జెక్టు ప్రభుత్వ జాబితాలో ఉంటేనే తర్వాత వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అక్కడ పేరున్న షెరిడన్ కాలేజీ యానిమేషన్ డిగ్రీ నాలుగేళ్లు. నీకు మళ్లీ మొదటి నుంచి డిగ్రీ చదవాల్సిన అవసరం లేదు.

బ్రిటన్‌లో ఎంఏ ఏడాదే. ఆ ఏడాది డిగ్రీకి మన దగ్గర గుర్తింపు చిక్కు ఉండేది, 2022 జూలైలో రెండు దేశాల ఒప్పందంతో అది చాలావరకు తీరింది. 3డీ వైపు మనసుంటే బోర్న్‌మత్ యూనివర్సిటీలోని నేషనల్ సెంటర్ ఫర్ కంప్యూటర్ యానిమేషన్ చూడు. ఏ దేశం డిగ్రీ అయినా ఇక్కడికి వచ్చాక ఈక్వలెన్స్ సర్టిఫికెట్ (మన డిగ్రీకి సమానమని చెప్పే పత్రం) కావాలి. దాని మీద యూజీసీ 2025లో కొత్త నియమాలు తెచ్చింది. ఫీజు కట్టకముందే అవి చదువు.

నువ్వు కోరుకునేదానికి బాగా దగ్గరైనది మాత్రం అమెరికాలోని ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటాను. అక్కడ కాలేజీలో ఆర్ట్ చెప్పడానికి అదే చివరి డిగ్రీ, పీహెచ్‌డీ అడగరు. సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. కొన్ని యూనివర్సిటీలు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తాయి. ప్రొఫెసర్ పక్కన ఉండి జూనియర్లకు క్లాసు చెబుతావు, ఫీజులో కొంతో మొత్తమో మాఫీ అవుతుంది. నేర్చుకోవడం, నేర్పడం రెండూ ఒకే చోట జరుగుతాయి.

ఇంగ్లండ్‌లో మా మేడం విద్యార్థి గీసిన కాగితం మీద ఎప్పుడూ పెన్సిల్ పెట్టేది కాదు. పెగ్ బార్ (కాగితాలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ) మీద దాని పైన కొత్త కాగితం వేసి, "నీ గీత నీదే, ఇది నేను చూసింది" అని గీసి చూపించేది. తర్వాత ఆ కాగితం తీసేసేది. మళ్లీ గీసుకోవాల్సింది విద్యార్థే. నేను ఇవాళ్టికీ అట్లాగే చేస్తాను, టాబ్లెట్ అయినా వేరే లేయర్ మీదే గీస్తాను. మీ ఒగ్గు కథ అబ్బాయికీ అంతే. ముందు వాణ్ని లేపి, భుజానికి నిండు బ్యాగు తగిలించి క్లాసులో నడిపించు. మిగతా పిల్లలు కింద కూర్చుని కాళ్లు మాత్రమే చూడాలి. మామూలు నడకలో అడుగుకు 12 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీస్తే ఆరు బొమ్మలు. బొమ్మ ఉన్నచోటే నడుస్తూ, అవే అడుగులు తిరిగి తిరిగి వచ్చే వాక్ సైకిల్‌లో నేలను తాకిన పాదం ప్రతి బొమ్మకూ సమాన దూరం వెనక్కి జరగాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ జరిగితే జారినట్టు కనిపిస్తుంది. వాడి చేతే స్కేలు పెట్టి కొలిపించు. ఇక డోలు బరువు: పాదం ఆనిన వెంటనే ఒళ్లు కిందికి దిగే బొమ్మ ఉంటుంది చూడు, బరువు మోసేవాడిలో అది ఇంకా కిందికి పోయి నెమ్మదిగా లేస్తుంది. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే, ఉచితంగా దొరికే బ్లెండర్‌లోనైనా సరే.

డ్రాయింగ్_మాస్టారు_జగిత్యాల:

అమ్మా, నేను ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. నీ ఆలోచన నాకు చాలా సంతోషం కలిగించింది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయికి వచ్చి, కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో మనవాళ్లకు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న రామ్ మోహన్ తర్వాత ఎంతోమందికి గురువయ్యారు. ఒక్క మంచి టీచర్ వస్తే ఎంత దూరం పాకుతుందో చూడు.

పోర్ట్‌ఫోలియోలో అందరూ పెట్టే హీరో బొమ్మలు పెట్టకు. చేర్యాల నకాశీ పటాలు దగ్గరికి వెళ్లి చూడు. గడి తర్వాత గడిగా కథ కిందికి దిగుతుంది, కథకుడు దాన్ని విప్పుకుంటూ పాడతాడు. దాని నుంచి స్టోరీబోర్డు తయారుచేస్తే నీదైన పని అవుతుంది.

మరో మాట. బడుల్లో పనిచేసే టీచర్లకు జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ టీచర్ ట్రైనింగ్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఐదేళ్ల సర్వీసు అడుగుతారు, డిగ్రీ ఇవ్వరు. నీకు వర్తించదు, ఇది చదివే డ్రాయింగ్ టీచర్ల కోసం రాస్తున్నాను.

కాజీపేట_జంక్షన్:

అక్కా, డబ్బు సంగతి. తెలంగాణలో మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. వయసు, మార్కులు మీకు సరిపోతాయి. చూడాల్సింది కోర్సు. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, సైన్సెస్, హ్యుమానిటీస్ లాంటి పేర్లుంటాయి. యానిమేషన్ వాటిలో దేని కిందికి వస్తుందో, బీకాం చెల్లుతుందో హనుమకొండ బీసీ వెల్ఫేర్ ఆఫీసులో అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాట నమ్మి అడ్మిషన్ ఫీజు కట్టకండి.

జర్మనీ కూడా అనుకుంటే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని తేల్చేది) తప్పనిసరి, ఫీజు 18,000. ఏడాది ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమచేసి, నెలకు కొంత చొప్పునే తీసుకునే ఖాతా) 11,904 యూరోలు చూపించాలి.

నక్కలగుట్ట_గీతలు:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, ఈ ఆదివారమే చేర్యాల వెళ్తున్నాను. అక్కా, ఎంఎఫ్ఏ మాట విన్నాక మనసు అటే పోతోంది. నాది మూడేళ్ల బీకాం కదా, ఒప్పుకుంటారా?

లైట్‌బాక్స్_కరీంనగర్:

కొన్ని యూనివర్సిటీలు మూడేళ్ల డిగ్రీ తీసుకుంటాయి, కొన్ని నాలుగేళ్లది అడుగుతాయి. అప్లికేషన్ ఫీజు కట్టకముందే డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టు. మూడేళ్ల డిగ్రీ అని మొదటి లైన్‌లోనే రాయి, ఇప్పుడు పాఠాలు చెబుతున్నానని రెండో లైన్‌లో రాయి, అసిస్టెంట్‌షిప్ విదేశీ విద్యార్థులకు ఇస్తారా అని సూటిగా అడుగు. షోరీల్ రెండు నిమిషాలు దాటనివ్వకు, అన్నిటికన్నా మంచిది ముందు పెట్టు. మెయిల్ రాశాక ఇక్కడ పెట్టు, పంపేముందు నేనూ ఒకసారి చూస్తాను.