సాహసం ‘సేయరా’నా, ‘శాయరా’నా?

ముమ్మిడివరం కోడలు:
మొన్న ఆదివారం ముసురు పట్టి ఎవరమూ గడప దాటలేదు. ‘పాతాళభైరవి’ పెట్టుకుని కూర్చున్నాం: అత్తగారు, నేను, మా ఏడేళ్ల పిల్లాడు. నాకిది సినిమా కంటే ముందు పుస్తకమండి. పుట్టింట్లో ధాన్యం బస్తాల మీద బోర్లా పడుకుని కాశీమజిలీలు చదువుకున్నదాన్ని. అట్టలూడి, పేజీల మధ్య వరిపొట్టు ఇరుక్కుని ఉండేది. ఇష్టమైన పుస్తకం తెరకెక్కితే మామూలుగా ప్రాణం ఉసూరుమంటుంది. 1951 నాటి ఈ సినిమా మాత్రం ఎన్నిసార్లు చూసినా అలా అనిపించలేదు. భైరవి ‘నరుడా, ఏమి నీ కోరిక’ అనగానే మావాడు నా మోచెయ్యి పట్టుకుని సినిమా అయ్యేదాకా వదల్లేదు.

సరే, నా సందేహం. మాంత్రికుడు తోటరాముణ్ణి ఎగదోసే మాట నాకు ఇన్నేళ్లూ ‘సాహసం సేయరా డింభకా’. అత్తగారు ‘శాయరా’ అని పట్టు పట్టారు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాం, ఎవరికి కావలసింది వాళ్లకి వినపడింది. ఏది సరి? అసలు ఈ మాట కాశీమజిలీలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గారి కథలోదేనా, సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు వారు పెట్టిందా? మా పుస్తకం చెదలు తినేసింది, చూద్దామంటే లేదు.

ర్యాలి మాస్టారు:
‘సేయరా’నే తల్లీ. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు. అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క చ ట త పలు గ స డ ద వలవుతాయి, అలా ‘చేయ’ ‘సేయ’ అయింది. సుమతి పద్యం గుర్తు చేసుకో: ‘గుడి మణియము సేయఁబోకు’, ఆ వెంటనే ‘విడువక కూరిమి సేయకు’. ఒక్క కందంలో రెండుసార్లు.

పిఠాపురం:
మాస్టారూ, సాహసం ఇక్కడ కర్మ కదండీ? ద్వితీయ అయితే ద్రుతం, అంటే చివర నకారం, ఉంటుంది, ద్రుతం మీద చకారం జకారం కావాలి. పోతన గారు గజేంద్రమోక్షంలో ‘సిరికిం జెప్పఁడు’ అన్నారు, ‘శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ’డన్నారు, ‘ఏ పరివారంబునుఁ జీరఁ’డన్నారు. మూడుచోట్లా జకారమే. ఆ లెక్కన ‘సాహసముం జేయరా’ అనాలి.

ర్యాలి మాస్టారు:
మూడు కాదు బాబూ, నాలుగు. ‘ధమ్మిల్లముఁ జక్కనొత్తఁడు’ వదిలేశావు. ఇక జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, ద్వితీయ బదులు ప్రథమ బహుళంగా వస్తుంది. మణియమూ కూరిమీ కర్మలే, అయినా ‘సేయకు’ అన్నాడు చూడు.

పిఠాపురం:
ధమ్మిల్లం వదిలెయ్యడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పద్యం తలుచుకుంటే వ్యాకరణం పక్కకి పోతుందండీ. చెప్పఁడు, సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు. అన్నీ చెయ్యని పనులే, వాటితోనే విష్ణుమూర్తి ఏనుగుని కాపాడ్డానికి ఎంత పరుగున వస్తున్నాడో కళ్లకి కడుతుంది. ఒక మాట చివర ఇంకో మాట తగులుకుని ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. మా నాన్నగారు ఏలేరు కాలవలో పీకల్లోతున నిలబడి ఈ పద్యం ఒక్క గుక్కలో చదివేవారు.

కపిలేశ్వరపురం:
నాది శాయరా పక్షం. మా భోషాణంలో ముత్తాతల నాటి క్రయ దస్తావేజు ఒకటుంది. సిరా కాగితాన్ని తినేసి అక్షరాల చోట కన్నాలు పడ్డాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ‘క్రయం శాయడమైనది’ అని స్పష్టంగా కనపడుతుంది. కరణాల రాతే అది. మెకంజీ దొర పోగుచేయించిన ఊళ్ల చరిత్రల్లో, అదే కైఫియ్యతుల్లో, ‘శేశి’, ‘శాయించి’ కొల్లలు. మాంత్రికుడికి పాతకాలపు వాసన వెయ్యడానికి పింగళి వారు కావాలనే ఈ రూపం పట్టుకుని ఉంటారని నా నమ్మకం.

పాలకొల్లు కుర్రోణ్ణి:
ఆయ్, మాస్టారూ, నేనో మాట చెప్పొచ్చాండీ? మనవైపు ‘సేత్తన్నానండి’ అంటాం కదా. మాంత్రికుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు గారు పుట్టింది నూజివీడైనా, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడినవారు. ఆ ‘సే’ గ్రాంథికం కాదేమో, మన గోదావరి నోరేనేమో!

ర్యాలి మాస్టారు:
ఊరిమీద ప్రేమ మంచిదే నాన్నా. కానీ మనం ‘సెయ్యరా’ అంటాం, ‘సేయరా’ అనం. యకారం ఒత్తితే ముందున్న ఏత్వం కుదించుకుపోతుంది. ఆయన ఆ ఏత్వాన్ని ఎంత సాగదీశారో విను.

పాలకొల్లు కుర్రోణ్ణి:
ఆ సాగదీతలోనే ఉందండి కిటుకంతా! ‘మేక’ అనండి, ‘మేకు’ అనండి. రెండు ఏత్వాలూ ఒకటి కావు. తర్వాత అకారం వస్తే నోరు విప్పారుతుంది. సేయ-లో కూడా అంతే. ఆ విప్పారిన ఏత్వాన్ని రాయడానికి మన లిపిలో గుర్తు లేదు. కరణం గారు దాన్ని ఆత్వంగా రాసుకుని, చకారం మెత్తదనం పోకుండా ముందు శకారం పెట్టారు. అంచేత అత్తగారి చెవీ తప్పు కాదు, కోడలు గారి చెవీ తప్పు కాదు.

కపిలేశ్వరపురం:
చిన్నవాడివైనా బాగా పట్టావయ్యా. ఇప్పుడే ‘మేడ, మేము, పేడ, పేరు’ అంటూ కూర్చున్నాను, మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

పిఠాపురం:
డింభకుడి మాట ఎవరూ ఎత్తలేదే? ‘పోతః పాకోఽర్భకో డింభః’ అని సంస్కృత నిఘంటువు అమరకోశం, పసివాడనే అర్థం. కానీ భారతంలో జరాసంధుడి అండన హంస డిభకులని ఇద్దరున్నారు, డింభకుడనీ అంటారు. ఒకడు పోయాడని విని ఇంకొకడు యమునలో పడి ప్రాణం తీసుకున్నాడు. బలివ్వబోయేవాణ్ణి మాంత్రికుడు ఆ పేరుతో పిలవడం ఊరికే కాదు.

ర్యాలి మాస్టారు:
దూరం వెళ్లావు. గురువు శిష్యుణ్ణి ‘అబ్బాయీ’ అన్నట్టే అది. ఆ ముద్దులోనే మోసం ఉంది, అందుకే అంత బాగుంది.

ముమ్మిడివరం కోడలు:
దస్తావేజు సంగతి అత్తగారికి చదివి వినిపించానండి. ఆవిడ వాళ్ల నాన్నగారి ఉత్తరాల కట్ట దింపమన్నారు, అందులోనూ ‘శాయ’ ఉండాలట. రేపు అటక ఎక్కుతాను. ఇంతకీ ఆ మాట కాశీమజిలీల్లో ఉందా? మణిసిద్ధుడు గోపుడికి చెప్పే కథంతా నిండు గ్రాంథికం కదా, అక్కడుంటే ‘సేయ’ అనే ఉంటుందని నా ఆశ. పన్నెండు భాగాలూ ఉన్నవారెవరైనా తీసి చూడరూ?

కపిలేశ్వరపురం:
మా దగ్గర ఏడోది, తొమ్మిదోది ఉన్నాయమ్మా. రాత్రికి తిరగేస్తాను.

పిఠాపురం:
మాస్టారూ, ‘ఏ పరివారంబునుఁ జీరఁడు’ దగ్గరే ఆగిపోయానండి. చీరడమంటే పిలవడం. మీ లంకల వైపు ముసలివాళ్లెవరైనా ఇంకా ఆ మాట వాడుతున్నారా?